ఒకే మందు, ఇద్దరు తల్లులు

మన ఆశ్రమ పాఠశాలలో ఏ పిల్లవాణ్ణయినా నిలబెట్టి ఎస్కిమోలంటే ఎవరని అడగండి. మంచు ఇళ్ళలో ఉంటారు, కుక్కల బండి మీద తిరుగుతారు, పచ్చి మాంసం తింటారు అని గడగడా చెప్పేస్తాడు. పిల్లవాడి తప్పేమీ లేదు. మైదానం బడుల్లో మన గురించి నేర్పేది కూడా అంతే కదా. అడవిలో ఉంటారు, విల్లంబులు పట్టుకుంటారు, థింసా ఆడతారు, అయిపోయింది. ఎస్కిమో అనే పేరు ఆ మంచు దేశపు వాళ్ళకు బయటివాళ్ళు పెట్టింది. కెనడా, గ్రీన్‌లాండ్ వైపు వాళ్ళు తమను తాము ఇన్యూట్ అనుకుంటారు. ఆ మాటకు మనుషులు అని అర్థం. గోండులు తమను తాము కోయితోర్ అనుకున్నట్టే.

పోయిన వేసవి సెలవుల్లో మేము పదిమందిమి, టీచర్లమూ డిగ్రీ చదివే పిల్లలమూ కలిసి, ఒక ఇన్యూట్ నాయకురాలి ఆత్మకథ చదివాం. ఆమె పేరు షీలా వాట్-క్లూటియర్. పుస్తకం 'ది రైట్ టు బీ కోల్డ్'. చల్లగా ఉండే హక్కు అని చెప్పుకోవచ్చు. 2015లో వచ్చింది. ఒకరు ఇంగ్లీషులో చదివి తెలుగులో చెబితే, ఇంకొకరు దాన్ని కోయలోకి మార్చి వెనక కూర్చున్న పెద్దవాళ్ళకు చెప్పారు. దాని పక్కనే రేచల్ కార్సన్ రాసిన 'సైలెంట్ స్ప్రింగ్' కూడా పెట్టుకున్నాం. పురుగుమందుల మీద పోరాటం అనగానే చదువుకున్నవాళ్ళు ముందు ఆ పేరే చెబుతారు కాబట్టి.

రెండూ పెద్ద పుస్తకాలే. అయితే మేము చదివిన చోటు వేరు. మేము వీపు ఆనించి కూర్చున్న మట్టిగోడ మీద ఒకప్పుడు ఏటేటా డీడీటీ కొట్టారు. ఆ గోడ దగ్గర కూర్చుని చదివితే ఈ పుస్తకాల్లో ఏం కనబడింది, ఏం కనబడలేదు అన్నదే ఇక్కడ చెప్పదలచుకున్నాం.

కార్సన్‌తో మొదలుపెడతాం. ఆమె సముద్ర జీవులను చదువుకున్న శాస్త్రవేత్త. 'సైలెంట్ స్ప్రింగ్' 1962లో అచ్చయింది. చెట్లమీద చల్లిన డీడీటీ ఆకుతో నేలలోకి, నేలనుంచి వానపాములోకి, వానపాము నుంచి పిట్టలోకి ఎలా పోతుందో బడికి పోనివాళ్ళకు చదివి వినిపించినా అర్థమయ్యేలా రాసింది. కంపెనీలు ఆమె మీద విరుచుకుపడ్డాయి. అప్పటికే ఆమెకు రొమ్ము క్యాన్సర్. ఆ సంగతి బయటపడితే జబ్బుమనిషి కోపంతో రాసిందంటారని దాచిపెట్టింది. 1964లో చనిపోయింది. అమెరికా డీడీటీని నిషేధించింది మరో ఎనిమిదేళ్ళకు, 1972లో.

ఇదంతా అందరూ చెప్పేదే. మమ్మల్ని ఆపేసిన పేజీ వేరొకటి ఉంది. అలాస్కా ఉత్తర తీరంలో ఎస్కిమోల తిండిని శాస్త్రవేత్తలు పరీక్ష చేశారట. చేప, తిమింగలం, దుప్పి జాతి జంతువుల మాంసం. వాటిలో పురుగుమందు దొరకలేదు. కానీ కొంతమంది మనుషుల కొవ్వు తీసి చూస్తే కాస్త డీడీటీ ఉంది. ఎక్కడిదంటే, వాళ్ళు ఆపరేషన్ల కోసం ఊరు వదిలి యాంకరేజ్ పట్నంలో ప్రభుత్వాసుపత్రికి వెళ్ళారు. అక్కడ పెట్టిన తిండిలో ఉంది. జబ్బు నయం చేసుకోవడానికి పోయినచోట విషం తిని వచ్చారన్నమాట. కార్సన్ దీన్ని నొచ్చుకుంటూనే రాసింది. అయినా ఆ మనుషులు ఆ పేజీలో మాట్లాడరు. వాళ్ళ ఊరి తిండి ఉంది, వాళ్ళ కొవ్వు ఉంది, వాళ్ళు లేరు. రక్తం తీసుకుని ఫలితం చెప్పకుండా వెళ్ళిపోయే సర్వేలు మన ఊళ్ళకు కొత్త కాదు గనక ఈ లోటు మాకు వెంటనే తగిలింది.

కార్సన్ రాసేనాటికి ఆ మంచు దేశం శుభ్రంగానే ఉందనుకున్నారు. పాతికేళ్ళు తిరిగేసరికి ఆ నమ్మకం పోయింది. 1980ల చివర కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో ఎరిక్ దెవాయీ అనే వైద్యుడు తల్లిపాల మీద పరిశోధన చేస్తున్నాడు. దక్షిణాన ఫ్యాక్టరీల మధ్య ఉన్న తల్లుల పాలలో విషం ఎంతుందో తేల్చడానికి, ఏ కల్మషమూ లేని పాలు పోలికకు కావాలి. ఉత్తరాన ఉన్న ఇన్యూట్ తల్లుల పాలు తెప్పించుకున్నాడు. తీరా చూస్తే తలకిందులైంది. పీసీబీలనే రసాయనాలు దక్షిణాది తల్లుల కన్నా ఇన్యూట్ తల్లుల పాలలో దాదాపు ఐదు రెట్లు ఎక్కువున్నాయి. ఆ రసాయనాలు తయారుచేసే ఒక్క ఫ్యాక్టరీ కూడా ఆ మంచులో లేదు.

ఎలా చేరాయి? టీచర్లు దీన్ని బోర్డు మీద బొమ్మ గీసి చెప్పనక్కర్లేదు. ఇప్పసారా కాచడం చూడని పిల్లలు మనలో లేరు. కింద కుండలో మంట తగిలి ఆవిరి లేస్తుంది, పైన చల్లటి కుండ తగలగానే చుక్కలై దిగుతుంది. భూమంతా అలాంటి ఒక బట్టీ. వేడి దేశాల్లో చల్లిన మందు ఆవిరై గాలిలో లేస్తుంది, చలిదేశం తగలగానే దిగుతుంది. దిగినది ఊరికే కరిగిపోయే రకం కాదు, కొవ్వులో దాక్కుంటుంది. నీటిలో నాచులాంటి చిన్న జీవుల నుంచి చేపకు, చేప నుంచి సీలుకు, సీలు నుంచి మనిషికి పోయేకొద్దీ చిక్కబడుతుంది. ఆ వరుసలో అందరికన్నా పైన ఉండేది వేటగాడు కాదు. వేటగాడి ఇంట్లో పాలు తాగే బిడ్డ.

ఇక్కడ షీలా కథలోకి వస్తుంది. ఆమె 1953లో కువుజువాక్ అనే ఊళ్ళో, క్యూబెక్ ఉత్తరాన పుట్టింది. తల్లి, అమ్మమ్మ పెంచారు. మొదటి పదేళ్ళు ప్రయాణమంటే కుక్కల బండే. పదేళ్ళకు ఆ పిల్లను చదువు పేరుతో ఎంతో దూరాన నోవా స్కోషియాలో ఒక తెల్లవాళ్ళ ఇంటికి పంపారు. తర్వాత చర్చిల్ అనే పట్నంలో హాస్టల్ బడి. ఇంటికి తిరిగొచ్చేసరికి సొంత భాషలో మాట తడబడింది. ఈ పేజీలు చదువుతుంటే మాలో ఇద్దరు లేచి బయటికి వెళ్ళారు. హాస్టల్లో మొదటి రాత్రి ఎలా గడిచిందో మన వాళ్ళకు ఒకరు చెప్పాలా?

పెద్దయ్యాక ఆమె తన ఊరి ఆసుపత్రిలో దుబాసీగా పనిచేసింది. డాక్టరు చెప్పేది ముసలివాళ్ళకు, ముసలివాళ్ళు చెప్పేది డాక్టరుకు. ఆమె గురించి రాసినవాళ్ళు ఈ ఉద్యోగాన్ని ఒక వాక్యంలో దాటేస్తారు. మాకు మాత్రం పుస్తకం మొత్తానికి తాళంచెవి ఇదే అనిపించింది. పెద్ద సభల్లో ఆమె చేసిన పని కూడా చివరికి ఇదే. శాస్త్రవేత్తల అంకెలను తల్లుల మాటలోకి, తల్లుల మాటను ప్రభుత్వాల భాషలోకి తిప్పడం.

టీచర్లు ఇంకో సంగతి గమనించాలి. ఆమె చదువుల సలహాదారుగా కూడా పనిచేసింది. నునావిక్ అనే తమ ప్రాంతంలో విద్యను సమీక్షించి 1992లో ఇచ్చిన నివేదికలో ఆమె చేయి ఉంది. మా పిల్లలకు ఇంగ్లీషు బడి వద్దు, మా వేట చాలు అని ఆమె అనలేదు. మా పిల్లలకు తేలిక చదువు చెప్పి దాటిస్తున్నారు, వాళ్ళకు రాదని ముందే తీర్మానించుకున్నారు అని కోప్పడింది. వేట నేర్పే ఓపిక, గురి, తెగువ ఎంత ముఖ్యమో లెక్కలూ సైన్సూ అంత గట్టిగా రావడమూ ముఖ్యమంది. మన దగ్గర 'గిరిజన పిల్లలకు ఇది చాల్లే' అన్న మాట స్టాఫ్ రూముల్లో ఎన్నిసార్లు విన్నాం? అన్నవాళ్ళలో మనమూ ఉన్నాం. నీ తల్లి పాలలో ఫలానా రసాయనం ఇంత ఉందని ఎవడో కాగితం తెచ్చి ముందు పెట్టినప్పుడు ఆ కాగితం చదవగలిగే మనిషి నీ ఊళ్ళో ఉండాలి. ఆమెకు ముందు అర్థమైంది అది.

1995లో ఆమె కెనడాలో ఇన్యూట్ సర్క్యూంపోలార్ కౌన్సిల్‌కు అధ్యక్షురాలైంది. అప్పటికే డెనె తదితర ఉత్తరాది ఆదివాసులూ ఇన్యూట్లూ ఈ విషాల సంగతి మీద ఒక్కటవుతున్నారు. ప్రపంచమంతటికీ ఒక ఒడంబడిక చేయాలని ఐక్యరాజ్య సమితి తలపెట్టి, 1998 నుంచి 2000 చివరి దాకా మాంట్రియల్, నైరోబి, జెనీవా, బాన్, జొహానెస్‌బర్గ్ పట్నాల్లో వరసగా చర్చలు పెట్టింది. 1999 జనవరిలో నైరోబిలో ఆమె, సమితి పర్యావరణ విభాగం అధిపతి క్లౌస్ టోఫర్‌కు ఒక రాతిబొమ్మ ఇచ్చింది. ఇన్యూట్ చేతిపని, బిడ్డతో ఉన్న తల్లి. ఆయన దాన్ని చర్చలకు అధ్యక్షత వహిస్తున్న జాన్ బుచీనికి ఇచ్చాడు. ఆ తర్వాతి సమావేశాల్లో ఆ బొమ్మ అధ్యక్షుడి బల్ల మీద ఉంది.

పత్రికలవాళ్ళకు బొమ్మ నచ్చింది. ఎవరు రాసినా దాన్నే రాస్తారు. మాకూ నచ్చింది గానీ, ఆ బొమ్మ దగ్గరే ఆగిపోతే ఆమె చేసిన అసలు కష్టమైన పని కనబడదు.

నిషేధించాల్సిన పన్నెండు రసాయనాల జాబితాలో డీడీటీ ఉంది. కొన్ని పర్యావరణ సంఘాలు డీడీటీకి కూడా గడువు పెట్టి పూర్తిగా ఆపేయమన్నాయి. మలేరియా వైద్యులు ఎదురు తిరిగారు. ఆఫ్రికాలో, ఆసియాలో పిల్లలు దోమకాటుకు చస్తున్నారు, ఇంటి గోడలకు కొట్టడానికి ఇంతకన్నా చవకైన మందు లేదు అన్నారు. ఇప్పుడు ఇన్యూట్ నాయకురాలు ఏమనాలి? తన జనం ఒంట్లో పేరుకుంటున్న విషాల్లో డీడీటీ ఒకటి. ఆపేయండి అంటే తప్పుపట్టేవాళ్ళు లేరు. ఆమె అలా అనలేదు. ఉత్తరాది తల్లి తన పాలను చూసి భయపడటం, దక్షిణాది తల్లి తన బిడ్డను కాపాడుకోవడానికి అదే మందు మీద ఆధారపడటం, రెండూ ఉండకూడనివే అంది. ఇతరుల ఆరోగ్యాన్ని బలిపెట్టే ఒప్పందంలో ఇన్యూట్లు భాగం కాబోరని చెప్పింది. దోమను ఆపే వేరే దారి పేద దేశాలకు అందే దాకా డీడీటీని ఇంటిగోడలకు వాడుకోనివ్వాలి, ఆ దారి వెతకడానికి డబ్బు పెట్టాలి. ఒడంబడిక చివరికి అలాగే తయారైంది. 2001 మే 22న స్టాక్‌హోమ్‌లో ఆమోదించారు. 2004 మే 17 నుంచి అమల్లోకి వచ్చింది. మన దేశం 2006లో చేరింది.

మనకు ఈ సంగతి ఒక్క మాటలో దొరుకుతుంది. తెలుగులో జ్వరానికి వేసేదీ మందే, పురుగుకు కొట్టేదీ మందే, మనిషి తాగి చచ్చేదీ మందే. డీడీటీ విషయంలో ఆ మాట రెండు అర్థాల్లోనూ నిజం. నైరోబిలో ఆమె మోసిన బరువు ఆ మాట బరువే.

ఇక మన గోడ దగ్గరకు వద్దాం. ఆమె చెప్పిన దక్షిణాది తల్లి ఎవరు? ఆ పుస్తకంలో ఆమెకు ఊరు లేదు, పేరు లేదు. మేము చదువుతూ చదువుతూ ఒకచోట ఆగి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ తల్లి పాడేరులో ఉంది, రంపచోడవరంలో ఉంది, భద్రాచలం, ఏటూరునాగారం, ఉట్నూరు ఏజెన్సీల్లో ఉంది. మన దేశంలో 1954లో ప్రభుత్వమే డీడీటీ తయారుచేసే సంస్థ పెట్టింది. 1989లో పంటలకు వాడకం ఆపారు గానీ మలేరియా పనికి ఉంచారు. ఒడంబడిక కింద డీడీటీ వాడే దేశాల రిజిస్టరు ఒకటి ఉంది, అందులో మన దేశం పేరూ ఎక్కింది. అంటే స్టాక్‌హోమ్‌లో సంతకాలు పెట్టినప్పుడు ఒక మినహాయింపు రాసుకున్నారు. ఆ మినహాయింపు అంటే మన ఇల్లు.

మాలో ఒకరి తండ్రి మూడు సీజన్లు స్టిరప్ పంపు పట్టుకుని మందు కొట్టే పనికి పోయాడు. రోజు కూలి. మొహానికి తువ్వాలు చుట్టుకునేవాడు, అంతే. బకెట్లో తెల్లటి పొడి కలిపి, చదరపు మీటరుకు ఇంత అని గోడలన్నీ తడిపేవాళ్ళు. వంటసామాను ముందే బయట పెట్టుకోమనేవాళ్ళు. ఒక్కోసారి చెప్పకుండానే వచ్చేవాళ్ళు. రెండు మూడు నెలలు గోడ అలకవద్దు, అలికితే మందు పనిచేయదు అని చెప్పి పోయేవాళ్ళు. పండగ ముందర ఎర్రమట్టి పూయకుండా ఏ ఆడమనిషి ఊరుకుంటుంది? అలికేసేవాళ్ళు. 'గిరిజనులకు అవగాహన లేదు' అని రిపోర్టులో రాసుకునేవాళ్ళు.

అయినా మేము ఆ మందును తిట్టి చేతులు దులుపుకోలేం. మాలో ఒకరి చెల్లెలు నాలుగేళ్ళ వయసులో జ్వరం తలకెక్కి రెండు రోజుల్లో పోయింది. ఆ ఏడు మందు కొట్టేవాళ్ళు ఆ గూడేనికి రాలేదు. వచ్చి ఉంటే బతికేదా? చెప్పలేం. తల్లి మాత్రం ఇప్పటికీ రాలేదనే అంటుంది.

షీలా పుస్తకంతో మా పేచీ ఇక్కడే. ఇద్దరు తల్లులు అని ఆమె గీసిన బొమ్మ ఉదారమైనది, కానీ సగమే. ఉత్తరాది తల్లికి పాలలో విషం, దక్షిణాది తల్లికి బిడ్డకు జ్వరం అని పంచిపెట్టినట్టుంది. దక్షిణాది తల్లి కూడా పాలిస్తుంది కదా. మందు కొట్టిన గోడకు వీపు ఆనించుకునే ఇస్తుంది. డీడీటీ కొట్టిన దక్షిణాఫ్రికా ఊళ్ళలో తల్లుల పాలు పరీక్షిస్తే అందులో ఆ మందు బాగా ఎక్కువగా తేలింది. మన దేశంలో చేసిన పరీక్షల్లోనూ తల్లిపాలలో డీడీటీ కనబడింది. అంటే మన తల్లికి రెండు బరువులూ ఉన్నాయి. నైరోబిలో ఆ రెండో బరువు చెప్పడానికి మన తల్లి తరఫున ఎవరూ లేరు. షీలా మనకోసం మాట్లాడింది, అందుకు మనం రుణపడి ఉన్నాం. కానీ మనకోసం మాట్లాడటం, మనం మాట్లాడటం వేరు వేరు. (ఇది చదివి బాలింతలు ఎవరూ పాలు మానొద్దు. ఇన్యూట్ తల్లులకు వాళ్ళ వైద్యులు చెప్పింది కూడా అదే. బిడ్డకు తల్లిపాలకు మించింది లేదు.)

ఇంకో లోటు కూడా చెప్పాలి. పుస్తకంలో బాల్యం పేజీలు ఎంత చిక్కగా ఉన్నాయో, సమావేశాల పేజీలు అంత పలచబడ్డాయి. విమానాలు, హోటళ్ళు, ప్రసంగాలు, అవార్డులు. 2007లో నోబెల్ శాంతి బహుమతికి ఆమె పేరు ప్రతిపాదించారు, అదీ ఉంది. దెవాయీకి పాలు పిండి ఇచ్చిన తల్లులు ఫలితం విన్న రోజు ఏం చేశారు, ఆ రాత్రి బిడ్డకు పాలిచ్చారా లేదా, సీలు మాంసం వండారా లేదా అన్నది మేము ఎంతో వెతికాం. కార్సన్ పేజీలో మాట్లాడని మనుషులు, యాభై ఏళ్ళ తర్వాత వాళ్ళ జాతి నాయకురాలి పుస్తకంలో కూడా కొంత వెనకే నిలబడ్డారు.

ఇది అనేసి మన వైపు చూసుకుంటే సిగ్గేస్తుంది. మనం రాసిందేమిటి? అడవి తల్లి, పచ్చని కొండ, స్వచ్ఛమైన గాలి. మన కవితల నిండా ఇదే. ఆ కొండ కింద పత్తి చేలో మన ఆడవాళ్ళు మందు కలిపే నీళ్ళు బిందెలతో మోస్తారు, అదే చేలో ఒకప్పుడు ఏరుకున్న కూరాకులు ఇప్పుడు ఏరితే భయం. అది మన కవితలోకి రాదు. పాల్వంచ దగ్గర పునుకుల అనే ఊళ్ళో రైతులు పత్తికి పురుగుమందు కొట్టడం మానేసి, వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి ద్రావణం, లింగాకర్షక బుట్టలతో పంట తీసి, 2004 నాటికి తమది పురుగుమందు లేని ఊరని చాటుకున్నారు. ఎక్కడో మంచు దేశపు సంగతి కాదు, అప్పటి మన ఖమ్మం జిల్లా సంగతే. ఆ ఊరి గురించి బయటివాళ్ళు రాసిన వ్యాసాలు మేము చదివాం. ఆ ఊరి ఆడమనిషి తానే చెప్పుకున్న పుస్తకం మా చేతికి రాలేదు. నాయకులంటే తుపాకీ ముందు నిలబడ్డవాళ్ళే అని మనకు అలవాటైంది. మందు డబ్బా ముందు నిలబడి వద్దన్నవాళ్ళను నాయకుల వరసలో చేర్చడం మనకింకా చేతకాలేదు.

సెలవులయ్యాక తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పని అప్పగించాం. ఇంటికెళ్ళి అవ్వను అడగండి. గోడకు మందు కొట్టిన రోజు నువ్వేం చేశావు, అన్నం ఎక్కడ వండావు, బిడ్డను ఎక్కడ పడుకోబెట్టావు, గోడ మళ్ళీ ఎప్పుడు అలికావు. ఏ భాషలో చెబితే ఆ భాషలోనే తెలుగు అక్షరాల్లో రాయండి. పద్నాలుగు నోటు పుస్తకాలొచ్చాయి. ఒక అవ్వ చెప్పింది ఇది: మందు కొట్టినాక పదిరోజులకు కోళ్ళు చచ్చాయి, నల్లులు చచ్చాయి, దోమలు మాత్రం మళ్ళీ వచ్చాయి. ఇంకో అవ్వ, మందు వాసన ఉన్నన్నాళ్ళు బిడ్డను చింతచెట్టు కింద ఉయ్యాల వేసి పాలిచ్చాను అంది. ఎవరైనా చెప్పారా అని మనవరాలు అడిగితే, ఎవరు చెప్పాలి, వాసన చెప్పదా అందట.

ఇప్పుడు డీడీటీ చోట వేరే మందులొచ్చాయి, దోమతెరలొచ్చాయి. వానలకు ముందు పంపు పట్టుకుని మనుషులు వస్తూనే ఉన్నారు. ఈసారి వచ్చినప్పుడు డబ్బా మీద మందు పేరు, తేదీ, ఎన్ని ఇళ్ళకు కొట్టారు, చేతులకు తొడుగులు ఉన్నాయా లేవా అన్నది రాసిపెట్టమని ఆ పద్నాలుగు మందికీ చెప్పాం. నోటు పుస్తకాల్లో ఇంకా సగం పేజీలు ఖాళీగా ఉన్నాయి.